నూకల మీద బవేరియా, మెటారైజియం: ఇంట్లో పెంచుకునే పద్ధతి

మన మండవల్లి చుట్టుపక్కల వరికి దోమపోటు కొత్తేం కాదు. చేను సుడులు సుడులుగా ఎండిపోయాక ఏ కషాయం కొట్టినా పోయిన గింజ తిరిగి రాదు. అందుకే దోమ రాకముందే సిద్ధం చేసుకోవాల్సిన ఫంగస్ గురించి ఈ పాఠం.

ఎలా పనిచేస్తుంది?
పురుగు దీన్ని తినక్కర్లేదు. ఫంగస్ బీజం ఒంటికి అంటుకుంటే చాలు. తేమ ఉంటే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పురుగు చావడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. 1835లో ఇటలీలో అగోస్టినో బస్సీ పట్టుపురుగుల సున్నపుకట్టు రోగానికి ఇలాంటి బూజే కారణమని చూపించారు. ఆ బూజే బవేరియా. కాబట్టి మల్బరీ తోటల దగ్గర దీన్ని కొట్టొద్దు. మన గోదావరి జిల్లాల కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం సిఫారసు చేసిన ఇసారియా కూడా ఈ జాతి మందే.

పెంచే విధానం
1. నూకలు కడిగి, నానబెట్టి, నీరు పూర్తిగా వార్చాలి. గింజ ముద్ద కాకూడదు.
2. వేడికి తట్టుకునే కవర్లలో 200 గ్రాముల చొప్పున నింపి, మూతికి దూది బిరడా పెట్టాలి.
3. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లకు పైన స్టాండ్ మీద పెట్టి, విజిల్ వచ్చాక సన్నమంట మీద 40 నిమిషాలు ఉంచాలి.
4. పూర్తిగా చల్లారాక, గాలి ఆడని గదిలో మదర్ కల్చర్ కలపాలి. చేతులకు రాసుకున్న స్పిరిట్ ఆరాకే దీపం దగ్గరికి వెళ్లండి.
5. నీడలో, 25 నుంచి 28 డిగ్రీల మధ్య 12–15 రోజులు ఉంచాలి. మధ్యలో పైనుంచే కదిపి ఉండలు విడగొట్టాలి.

మంచిదో చెడిందో ఎలా తెలుస్తుంది?
బవేరియా చివరిదాకా తెల్లగానే ఉంటుంది. మెటారైజియం ముందు తెల్లగా వచ్చి, వారం దాటాక ముదురు ఆకుపచ్చకి తిరుగుతుంది. మూడు నాలుగు రోజులకే పచ్చబడినా, నల్ల మచ్చలు వచ్చినా, పుల్లని వాసన కొట్టినా అది వేరే బూజు. ఆ కవరు విప్పకుండా పూడ్చేయండి.

వాడకం
ఒక కవరు నూకలను కొంచెం కుంకుడు రసంతో 10 లీటర్ల నీళ్లలో పిసికి, గుడ్డతో వడకట్టాలి. ముక్కుకి మాస్కు తప్పనిసరి. సాయంత్రం పూట, దోమ ఉండే దుబ్బు మొదలు తడిసేలా కొట్టండి. తెగుళ్లకు వాడే పుల్లమజ్జిగతో గానీ, రాగి మందులతో గానీ కలపొద్దు. అవి ఆపేది బూజునే కదా! ఇంటి కల్చర్ బలం కవరు కవరుకీ మారుతుంది, ముందు ఒక మడిలో కొట్టి చూడండి.

పెరగడానికి 15 రోజులు, చంపడానికి 7 రోజులు, మొత్తం 22 రోజులు. పిలక దశలో దుబ్బుకి 10–15 దోమలు కనిపిస్తే ఆ రోజే కొట్టాలి. అంటే కవర్లు అప్పటికే మీ గదిలో తయారుగా ఉండాలి. దాళ్వా నాట్లు పూర్తవగానే కుక్కర్ పొయ్యి మీద పెట్టండి.