లందలోని తోలు

పాఠ్యభాగములు: రోమా 12:1-2, 1 కొరింథీ 1:26-29, అపొస్తలుల కార్యములు 5:1-11



మన కొమరోలు, గిద్దలూరు పల్లెలలోని వృద్ధులకు లంద యనగానేమో చెప్పనక్కరలేదు. పూర్వము పచ్చి తోలును సున్నపు నీటిలో నానవేసి, వెండ్రుకలు గీకి, కడిగి, తంగేడు చెక్క వేసిన లందలో నుంచెడివారు. చెక్కలోని వగరు తోలు లోపలివరకు దిగవలెను. తొందరపడి నడుమ తీసినయెడల పైన రంగు పట్టును గాని లోపల పచ్చి నిలిచిపోవును. అట్టి తోలుతో కుట్టిన చెప్పు వానకు ఆగదు. తోలు తన్ను తాను మార్చుకొనలేదు. లందలో ఉండుటయే దాని వంతు.

రోమా 12వ అధ్యాయములో పౌలు చెప్పునది ఇదే. మొదటి వచనములో శరీరమును సజీవయాగముగా దేవునికి అప్పగించుమనెను. రెండవ వచనములో మనస్సు నూతనమై మార్పు పొందుమనెను. ఈ వరుస గమనించుడి. ముందు అప్పగింత, తరువాత మార్పు. అక్కడ మార్పునకు వాడబడిన గ్రీకు మాటయే మత్తయి 17:2లో ప్రభువు కొండమీద రూపాంతరము పొందినప్పుడును వాడబడినది. మనలను మనమే మార్చుకొనుడని కాదు, దేవునిచేత మార్చబడుడని దాని భావము.

దీనికి మన ప్రాంతములోనే ఒక సాక్షి యున్నాడు.

1. ఘనమైనదానిని అప్పగించెను

ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు గ్రామస్థుడైన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఆయన దేవుని వెదకి యోగమార్గమున నడచి, శిష్యులు గల గురువాయెను. వ్యాపారము నిమిత్తము ఉత్తరమునకు వెళ్లినప్పుడు ఏలూరులో సువార్త వినెను. 1866లో ఆయనయు భార్య నాగమ్మయు జూవెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిరి.

పాపమును విడుచుట కష్టమే. కాని ఊరివారు పాదములకు మ్రొక్కు గురువు మరల శిష్యుడై, మొదటి పాఠమునుండి నేర్చుకొనుట అంతకంటె కష్టము. లాభకరమైన వాటిని పౌలు క్రీస్తు నిమిత్తము నష్టముగా ఎంచెను (ఫిలిప్పీ 3:7). పేరయ్య విడిచినది తన గురుపీఠమును.

2. దినదినము వెల చెల్లించిరి

1867 జనవరి 1న ఒంగోలు సంఘము 8 మంది సభ్యులతో ఏర్పడెను. అదే నెలలో క్లౌ దొరగారు తాళ్లకొండపాటికి వెళ్లగా 28 మంది బాప్తిస్మము పొందిరి. వారికి నేర్పబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నవే. కాని కోత దినములలో ఆదివారము పనికి రామనిన కూలివాని గతి యేమి? జాతరలో డప్పు కొట్టమనినవారిమీద ఊరు కోపించెను. నీళ్లకు అడ్డు పెట్టిరి. దోషము డప్పులో లేదు; నేడది గౌరవము పొందుచున్న కళ. ఎవరి యెదుట, ఎవరి పేరట కొట్టవలెనన్నదే అప్పటి ప్రశ్న. వారు బాప్తిస్మమునాడు ఒక్కసారి అప్పగించిన దానిని నీళ్ల కుండతో బావికి వెళ్లిన ప్రతి ఉదయమున మరల అప్పగింపవలసి వచ్చెను.

3. సేవకుడును అప్పగింపవలెను

ఆ తొలి సంవత్సరములలో పై కులములవారు క్లౌ దొరగారి యొద్దకు రాసాగిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామనిరి. దొరగారును దొరసానిగారును వేరువేరుగా బైబిలు తెరవగా ఇద్దరికిని 1 కొరింథీ మొదటి అధ్యాయములోని ఆ భాగమే కనబడెనని చెప్పుదురు. లోకము నీచముగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనునని అందులో నున్నది. పెద్దలద్వారా సేవ సాగవలెనన్న ఆశను వారు విడిచిరి. 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువపని గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపిరి. కాని గంజికొరకు ఎవరును క్రైస్తవులు కారాదని ఆ కాలమున బాప్తిస్మములు ఆపిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. మన నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి సాగిపోవు గుండ్లకమ్మయే అది.

మన మాట

అననీయ పొలమమ్మెను, కొంత దాచుకొనెను. దాచుకొనుట కంటె, అంతయు ఇచ్చితినని చెప్పుట అతని పాపము. మనము దాచుకొన్నదేమి? ఒకడు సారాయి సీసాను, ఒకడు అన్నతో గట్టు తగవును, ఒకడు కట్నపు లెక్కను దాచుకొనును. ఒకే ప్రభువు బల్లయొద్ద చేయి చాచి, పెండ్లి విందులో మాలలకు వేరు, మాదిగలకు వేరు పంక్తి వేసినయెడల మనకు రంగు పట్టినది పైననే.

ఇతరులను మాత్రమే చెప్పుట న్యాయము కాదు. ఈ వచనములపై సెమినరీలో పరీక్ష వ్రాసి మంచి మార్కులు పొందితిమి. అయినను, ఒక సంఘపెద్ద కమిటీలో మా మాట కాదనినందున ఆరు నెలలు వారి గడప తొక్కలేదు. వారి తల్లి మంచము పట్టెనని విని తుదకు వెళ్లితిమి. ఆయన ఏమియు అనక మంచము వాల్చి మంచినీళ్లిచ్చెను. ఆ చెంబెడు నీళ్లు మ్రింగుట మాకు కష్టమాయెను. మాలో లోపల ఎంత పచ్చి మిగిలియున్నదో ఆనాడు తెలిసికొంటిమి. ప్రభువు మమ్మును ఇంకను లందలోనుండి తీయలేదు. అది ఆయన కృప.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మనకు ఘనత తెచ్చునది ఏది? దానిని ప్రభువునకు ఇచ్చితిమా?
2. ఇచ్చితినని చెప్పి తిరిగి తీసికొన్నది ఏది?
3. ఈ వారము మనము ఎవరి గడప తొక్కవలెను?

ప్రార్థన

ప్రభువా, మమ్మును నడుమ తీయకుము. నీ పని మాలో లోపలివరకు దిగనిమ్ము. మేము దాచినది నీకు తెలియును. దానిని నేడే నీ చేతికి అప్పగించుచున్నాము. ఆమేన్.