ధాన్యపు తేమ మీటరు క్రమాంకనం: ప్రయోగశాల నుంచి కొనుగోలు కేంద్రం వరకు

మద్దతు ధరపై ధాన్యం సేకరణకు నిర్దేశించిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం వరి ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. కొనుగోలు కేంద్రంలో ఈ నిర్ణయం చిన్న తేమ మీటరు చూపే అంకెపై ఆధారపడి ఉంటుంది. మీటరు 17 చూపితే ధాన్యం కాంటాకు చేరుతుంది. 18 చూపితే రైతు దానిని తిరిగి ఆరబోయవలసి వస్తుంది. ఆ అంకె ఎంతవరకు సరైనదో తెలిపే ప్రక్రియే క్రమాంకనం. వాడుకలో దీనినే కాలిబ్రేషన్ అంటారు. ప్రయోగశాలలోని త్రాసుకు, పి.హెచ్. మీటరుకు, పరిశ్రమలోని ఉష్ణోగ్రత, పీడన మాపకాలకు వర్తించే సూత్రాలే తేమ మీటరుకూ వర్తిస్తాయి. ఆ సూత్రాలను తేమ మీటరు ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

క్రమాంకనం, సర్దుబాటు

ఈ రెండు పదాలను ఒకే అర్థంలో వాడటం సాధారణంగా కనిపించే పొరపాటు. నిర్దిష్ట పరిస్థితులలో, విలువ ముందే తెలిసిన ప్రామాణికంతో పరికరపు రీడింగును పోల్చి, రెండింటి మధ్య సంబంధాన్ని అనిశ్చితితో సహా నిర్ధారించడం క్రమాంకనం. పరికరంలో మార్పు చేసి రీడింగును సరిచేయడం సర్దుబాటు. క్రమాంకనం దోషం ఎంతో చెబుతుంది, సర్దుబాటు దానిని తగ్గిస్తుంది. సర్దుబాటు చేసిన తరువాత తిరిగి క్రమాంకనం చేయకపోతే, ఆ సర్దుబాటు ఫలించిందో లేదో తెలియదు.

మీటరు నిజంగా కొలిచేది

ఎక్కువగా వాడుకలో ఉన్న విద్యుత్ తేమ మీటర్లు నీటిని నేరుగా కొలవవు. ధాన్యపు విద్యుత్ ధారణశక్తిని లేదా నిరోధాన్ని కొలిచి, దాని నుంచి తేమను అంచనా వేస్తాయి. గది ఉష్ణోగ్రత వద్ద నీటి రోధక స్థిరాంకం సుమారు 80 కాగా, ఎండిన గింజలో అది అనేక రెట్లు తక్కువ. అందువలన తేమ పెరిగే కొద్దీ ధారణశక్తి పెరుగుతుంది. ఈ పెరుగుదలను తేమ శాతంగా మార్చే సంబంధాన్ని పంటవారీగా మీటరులో ముందే నిక్షిప్తం చేస్తారు.

ఫలితాన్ని ప్రభావితం చేసే అంశాలు ఇక్కడే ఉన్నాయి. మొక్కజొన్న కోడ్‌పై వరి ధాన్యాన్ని పరీక్షిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. గింజ ఉష్ణోగ్రత, పాత్రలో గింజ సర్దుకున్న తీరు, తాలు, మట్టి శాతం కూడా రీడింగును మారుస్తాయి. ఎండలో ఆరిన ధాన్యాన్ని వేడి తగ్గకముందే పరీక్షిస్తే, మీటరులోని ఉష్ణోగ్రత సవరణ పూర్తిగా పనిచేయకపోవచ్చు.

ప్రామాణిక పద్ధతి

తేమ మీటరును మరో తేమ మీటరుతో పోల్చి చూడటం క్రమాంకనం కాదు. రెండింటిలోనూ ఒకే దోషం ఉండవచ్చు. ధాన్యానికి ప్రామాణికం వేడిగాలి ఓవెన్ పద్ధతి. సుమారు 5 గ్రాముల ధాన్యపు పొడిని మూత గల పాత్రలో తూచి, 130 డిగ్రీల సెల్సియస్ వద్ద 2 గంటలు ఆరబెట్టి, డెసికేటరులో చల్లార్చి, తిరిగి తూస్తారు. తగ్గిన బరువును తొలి బరువుతో భాగించి 100తో గుణిస్తే తడి ఆధారంగా తేమ శాతం వస్తుంది. ఉదాహరణకు 5.000 గ్రాముల నమూనా 4.150 గ్రాములకు తగ్గితే తేమ 17.0 శాతం.

ఇదే ఉదాహరణలో తూకంలో 10 మిల్లీగ్రాముల దోషం ఉంటే, తేమలో 0.2 శాతం తేడా వస్తుంది. కాబట్టి కనీసం 1 మిల్లీగ్రాము వరకు చూపే, క్రమాంకనం చేసిన త్రాసు అవసరం. ఓవెన్ తెరపై కనిపించే 130 లోపలి అరలలో కూడా అంతే ఉందని భావించరాదు. క్రమాంకనం చేసిన థర్మామీటరుతో వేర్వేరు స్థానాలలో పరిశీలించాలి. తేమ ఎక్కువగా ఉన్న ధాన్యం పొడి చేసేటప్పుడు కొంత తేమను కోల్పోతుంది. అటువంటి నమూనాను ముందుగా గింజగానే కొంత ఆరబెట్టి, తరువాత పొడి చేసి, రెండు దశలలో తగ్గిన బరువును లెక్కించాలి.

క్రమాంకన విధానం

మీటరును వాడే తేమ పరిధి అంతటినీ ఆవరించే నమూనాలను ఎంచుకోవాలి. కోత నుంచి ఆరుదల వరకు వివిధ దశలలో సేకరించిన సహజ నమూనాలు ఉత్తమం. ఎండిన ధాన్యంపై నీరు చల్లి వెంటనే పరీక్షిస్తే తేమ గింజ పైపొరలోనే ఉండి మీటరును తప్పుదారి పట్టిస్తుంది. నమూనాలను గాలి చొరబడని డబ్బాలలో ఉంచి, గది ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాతే పరీక్షించాలి. ప్రతి నమూనాను మీటరులో కనీసం మూడుసార్లు ఖాళీ చేసి నింపి, రీడింగుల సగటు తీసుకోవాలి. అదే నమూనా నుంచి రెండు భాగాలను ఓవెన్ పరీక్షకు పంపాలి.

ఒక మీటరుకు కింది ఫలితాలు వచ్చాయని ఉదాహరణగా అనుకుందాం:

ఓవెన్ 12.0, మీటరు 12.2, దోషం +0.2
ఓవెన్ 14.0, మీటరు 14.6, దోషం +0.6
ఓవెన్ 17.0, మీటరు 18.2, దోషం +1.2
ఓవెన్ 20.0, మీటరు 21.8, దోషం +1.8

తేమ పెరిగే కొద్దీ దోషం పెరుగుతున్నది. 12 శాతం వద్ద మాత్రమే పరిశీలించి 0.2 తగ్గిస్తే, 17 శాతం వద్ద మీటరు ఇంకా 1.0 ఎక్కువ చూపుతూనే ఉంటుంది. ఒకే బిందువు వద్ద చేసే సర్దుబాటు చాలకపోవడానికి కారణం ఇదే. ఈ ఉదాహరణలో మీటరు రీడింగుకు 2.2 కలిపి 1.2తో భాగిస్తే నిజమైన తేమ వస్తుంది. మీటరు 17 చూపినప్పుడు ధాన్యంలో ఉన్నది 16.0 శాతమే.

దోషపు మూల్యం

పై మీటరు ఉన్న కేంద్రంలో అంగీకారం పొందడానికి రైతు ధాన్యాన్ని 16 శాతం వరకు ఆరబెట్టాలి. 17 శాతం తేమ గల 100 కిలోల ధాన్యంలో 83 కిలోల పొడి పదార్థం ఉంటుంది. తేమ 16 శాతానికి తగ్గితే ఆ ధాన్యం 98.81 కిలోలు తూగుతుంది. అంటే క్వింటాలుకు 1.19 కిలోల నష్టం, 50 క్వింటాళ్లకు సుమారు 60 కిలోలు. అదనంగా ఆరబోసే కూలి, వాన ముప్పు రైతువే. మీటరు తక్కువ చూపితే నష్టం మరో వైపుకు మారుతుంది. పరిమితికి మించిన తేమతో ధాన్యం గోదాముకు చేరి, వేడెక్కి, బూజు పట్టి, ముక్కిపోతుంది. దీర్ఘకాల నిల్వకు తేమ 14 శాతం లేదా అంతకంటే తక్కువ ఉండటం శ్రేయస్కరం.

అనిశ్చితి, నిర్ణయ నియమం

దోషాన్ని సవరించిన తరువాత కూడా ప్రతి కొలతలో కొంత అనిశ్చితి మిగులుతుంది. రీడింగుల మధ్య తేడా, ఓవెన్ ఫలితపు అనిశ్చితి, మీటరు చూపగల కనిష్ఠ విభాగం, ఉష్ణోగ్రత ప్రభావం దీనికి మూలాలు. వీటిని వర్గాల మొత్తపు వర్గమూలంగా కలిపి, 2తో గుణిస్తే సుమారు 95 శాతం విశ్వాసానికి తగిన విస్తృత అనిశ్చితి వస్తుంది. అది 0.5 అయితే, సవరించిన 17.3 రీడింగు 16.8 నుంచి 17.8 వరకు ఏ విలువనైనా సూచించవచ్చు. ఆ ధాన్యం పరిమితికి లోబడి ఉందని గాని, మించిందని గాని నిశ్చయంగా చెప్పలేము. ప్రమాణానికి లోబడి ఉన్నదీ లేనిదీ ప్రకటించేటప్పుడు నిర్ణయ నియమం ముందే ఉండాలని ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17025:2017 ప్రమాణం ప్రయోగశాలలకు నిర్దేశిస్తున్నది. కొనుగోలు కేంద్రంలో కూడా ఎన్ని నమూనాల సగటు తీసుకోవాలో, సరిహద్దు ఫలితాన్ని ఎలా పరిగణించాలో ముందే రాసి రైతులకు కనిపించేలా ఉంచడం వివాదాలను తగ్గిస్తుంది.

అనుసంధాన శృంఖల

మీటరు ఫలితం ఓవెన్‌పై, ఓవెన్ ఫలితం త్రాసు, థర్మామీటర్లపై, త్రాసు ప్రామాణిక తూకపు రాళ్లపై ఆధారపడతాయి. ఆ రాళ్లను ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు గల క్రమాంకన ప్రయోగశాలలో సరిచూస్తారు. దేశంలో కొలమానాల జాతీయ ప్రామాణికాలను నిర్వహించేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడి నుంచి శృంఖల అంతర్జాతీయ ప్రమాణాలకు చేరుతుంది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము నిర్వచనం లోహపు దిమ్మెపై గాక, ప్లాంక్ స్థిరాంకంపై ఆధారపడుతున్నది. ఈ శృంఖలలో ఒక్క లంకె తెగినా, దాని కింద ఉన్న ఫలితాలకు ఆధారం ఉండదు.

నమోదు, మధ్యంతర పరిశీలన

ప్రతి మీటరుకు ప్రత్యేక రిజిస్టరు ఉండాలి. మీటరు సంఖ్య, తేదీ, గది ఉష్ణోగ్రత, వాడిన ప్రామాణికం, సర్దుబాటుకు ముందు రీడింగులు, తరువాతి రీడింగులు, అనిశ్చితి, పరీక్షించినవారి సంతకం అందులో నమోదు చేయాలి. సర్దుబాటుకు ముందు రీడింగులు అన్నింటికంటే ముఖ్యం. దోషం ఎక్కువగా ఉన్నట్లు తేలితే, గత క్రమాంకనం తరువాత ఇచ్చిన ఫలితాలను పునఃపరిశీలించడానికి అవే ఆధారం.

సేకరణ కాలం ఆరంభానికి ముందు, మీటరు కింద పడినప్పుడు, మరమ్మతు తరువాత క్రమాంకనం తప్పనిసరిగా చేయాలి. మధ్యకాలంలో, తేమ తెలిసిన ధాన్యాన్ని గాలి చొరబడని డబ్బాలలో ఉంచి, ప్రతి ఉదయం ఒక నమూనాతో మీటరును పరిశీలించాలి. ఆ రీడింగులను తేదీల వారీగా గ్రాఫుపై గుర్తిస్తే, మీటరు క్రమంగా ఒక వైపుకు జరుగుతున్న సంగతి ముందే తెలుస్తుంది. పాత్రను శుభ్రంగా ఉంచడం, బ్యాటరీ సరిచూడటం, పంట కోడ్ నిర్ధారించుకోవడం, రాశి పైభాగం, మధ్య, అడుగు నుంచి నమూనా తీయడం నిత్యకృత్యాలు కావాలి. క్రమాంకనం ఎంత బాగున్నా, రాశి పైపొర నుంచి తీసిన గుప్పెడు గింజలు రాశి మొత్తానికి ప్రాతినిధ్యం వహించవు.

విస్తరణ శాస్త్రవేత్తలు కృషి విజ్ఞాన కేంద్రాల ఓవెన్, త్రాసు సదుపాయాలతో సేకరణ కాలానికి ముందే పరిసర కేంద్రాల మీటర్లను పరీక్షించి, ప్రతి మీటరుపై సవరణ పట్టికను అతికించగలరు. విద్యార్థులకు ఇది అనిశ్చితి గణనలో ప్రత్యక్ష శిక్షణ. రైతుకు అది తన ధాన్యం సరిగా కొలవబడిందన్న హామీ.