నిప్పు దాచిన పువ్వు

ఉద్దేశం: బాహ్యరూపం మారనంత మాత్రాన జీవి మారలేదని భావించరాదని, సూక్ష్మపరిశీలన వల్లనే సత్యం వెల్లడి అవుతుందని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పువ్వును సౌకుమార్యానికి ఉపమానంగా చెప్పడం మన కవులకు పరిపాటి. పూచిన కొద్దికాలానికే వాడిపోయే పువ్వు కోట్ల సంవత్సరాలు నిలుస్తుందంటే నమ్మశక్యం కాదు. కాని భూగర్భం అటువంటి పువ్వులను భద్రపరచింది.

శిలాజాలలో పుష్పించే మొక్కలు క్రెటేషియస్ యుగంలో హఠాత్తుగా, అనేక రూపాలతో కనిపించడం చార్లెస్ డార్విన్‌ను కలవరపెట్టింది. 1879లో మిత్రుడు జోసెఫ్ హుకర్‌కు రాసిన లేఖలో ఆయన దీనిని అంతుచిక్కని రహస్యంగా పేర్కొన్నాడు. ఆనాటికి లభించినవి ఎక్కువగా ఆకుల శిలాజాలే. మొక్క వంశాన్ని నిర్ణయించడానికి ఆకు చాలదు, పువ్వు కావాలి.

ఆ పువ్వును కాపాడింది నిప్పు. ప్రాచీనారణ్యాలలో కార్చిచ్చు రగిలినప్పుడు, గాలి చాలినంత సోకని చోట కొన్ని పువ్వులు బూడిద కాక బొగ్గుగా మారాయి. బొగ్గు కుళ్లదు, అందువల్ల పువ్వు ఆకృతి చెదరలేదు. అవి నీటిలో కొట్టుకువచ్చి ఒండ్రులో పూడిపోయాయి. శాస్త్రజ్ఞులు ఆ మట్టిని నీటితో జల్లించి, ఆవగింజంతటి పువ్వులను ఏరి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు.

ఎల్సే మేరీ ఫ్రీస్, పీటర్ క్రేన్, పెడర్సన్ అనే శాస్త్రజ్ఞులు 1988లో ప్లాటనేసీ కుటుంబానికి చెందిన ఇటువంటి పువ్వులను వివరించారు. వాటిలో అమెరికాలోని మేరీలాండ్‌లో లభించినవి సుమారు 10 కోట్ల సంవత్సరాల నాటివి. కాశ్మీరంలో శరదృతువున ఎర్రబడే చినార్ వృక్షం ఈ కుటుంబానిదే. చినార్ ఆకును పోలిన ఆకులు క్రెటేషియస్ శిలలలోనూ ఉన్నాయి. వాటిని మాత్రమే చూసినవారికి ఈ కుటుంబం మార్పులేక నిలిచిందనిపించడం సహజం.

పువ్వులు వేరొక కథ చెప్పాయి. నాడూ నేడూ పువ్వులు బంతివలె గుంపుగానే ఉన్నాయి. అయితే ఆ ప్రాచీన పుష్పాలలో కేసరాలు ఐదు, ఫలదళాలు ఐదు; రక్షకదళాల వంటి పరిపత్రాలు స్పష్టంగా ఉన్నాయి; పరాగరేణువులు చాలా చిన్నవి. వాటిని కీటకాలు ఆశ్రయించి ఉంటాయని శాస్త్రజ్ఞుల ఊహ. నేటి చినార్ పరాగాన్ని మోసేది గాలి. దాని పరిపత్రాలు క్షీణించాయి, భాగాల సంఖ్య స్థిరంగా లేదు, పరాగరేణువులు పెద్దవయ్యాయి. ఆ తొలినాటి కాయలకు లేని నూగు నేటి కాయలకు ఏర్పడి, అవి గాలిలో ఎగరడానికి తోడ్పడుతున్నది. ఆకు పాతపోలికను నిలుపుకోగా, పువ్వు కీటకాన్ని విడిచి గాలిని ఆశ్రయించింది.

బంధుత్వాల విషయంలోనూ కంటికి కనిపించేది ప్రమాణం కాదు. మన కవులు కలువను, తామరను జంటగా వర్ణించారు. జన్యుపరిశోధనలను అనుసరించి, తామరకు తన కొలనులోని కలువ కంటె కొండలలోని చినార్ దగ్గరి చుట్టం. అరకు కాఫీతోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ కూడా ఈ బంధువర్గంలోనిదే. పోలికను చూసి తృప్తిపడక, లోతుగా పరిశీలించినవారికే ప్రకృతి తన వంశచరిత్రను విప్పి చెబుతుంది.

అర్థాలు

కార్చిచ్చు = అడవిని కాల్చే నిప్పు
ఒండ్రు = నీరు తెచ్చి పేర్చిన మట్టి
ఫలదళాలు = పువ్వులో కాయగా మారే భాగాలు
పరాగం = పుప్పొడి

ప్రశ్నలు

1. సుకుమారమైన పువ్వును నిప్పు ఎట్లా కాపాడింది?
2. ప్లాటనేసీ పుష్పాలలో కలిగిన మార్పులను వివరించండి.