గర్భసంచి ముఖద్వార క్యాన్సరు – టీకా గూర్చి తెలిసికొందము



ఈ పాఠమును తల్లులతోబాటు తండ్రులును చదువవలెనని మా మనవి.

గర్భసంచి ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరుకు దాదాపు ఎల్లప్పుడును మూలము హెచ్.పి.వి. అను వైరసు. దీనిని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది. ఇది ముఖ్యముగా లైంగిక సంబంధము ద్వారా సోకును. "మా పిల్ల బుద్ధిమంతురాలు, ఈ సూది మాకెందుకు?" అని అడుగు తల్లులున్నారు. పెండ్లివరకు పవిత్రముగానున్న పిల్లకు సైతము భర్తనుండి ఇది రావచ్చును; అతనికి సాధారణముగా ఏ లక్షణమును కనబడదు. కనుక ఈ జబ్బు వచ్చిన సహోదరి నడతను శంకించుట అన్యాయము. సోకినవారిలో ఎక్కువమందికి రెండేండ్లలోపు అదే పోవును. పోక నిలిచినచో కొందరికి 15, 20 ఏండ్లకు క్యాన్సరగును.

టీకాలో బ్రతికియున్న వైరసు లేదు, దాని పైపొరను పోలిన మాంసకృత్తు మాత్రమే యున్నది. వైరసు సోకకముందే, 9 నుండి 14 ఏండ్లలోపు, వేయించుట మేలు. అప్పటికే సోకినదానిని ఇది నయము చేయదు. పూణే సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వారి సర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించినది. ఒక్క మోతాదైనను మంచి రక్షణ నిచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సంవత్సరము తెలిపెను. ఎన్ని మోతాదులో వైద్యుని అడుగుడి.

ఖమ్మం సంగతి మన బంధువులనేకులు విన్నారు. 2009లో అక్కడ సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేసిరి. కొందరు బాలికలు మరణించగా 2010లో ఆ పని ఆపివేయబడెను. మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయితే తలిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకములు చేసిన మాట నిజము; 2013లో పార్లమెంటు సంఘము దానిని గట్టిగా తప్పుపట్టెను. మా దృష్టిలో ఖమ్మము నేర్పినది టీకాకు భయపడుమని కాదు. పిల్లకు ఏమి వేయుచున్నారో, ఎందుకో అడిగి, తలిదండ్రులే సంతకము చేయవలెను.

పెద్దవారికి పరీక్షయున్నది. మన మరాఠ్వాడాలోని ఉస్మానాబాదు జిల్లాలో, ఇప్పటి ధారాశివ్‌లో, 30 నుండి 59 ఏండ్ల స్త్రీలకు ఒక్కమారు హెచ్.పి.వి. పరీక్ష చేయగా, పరీక్షలేని గ్రామములకంటె ఈ క్యాన్సరు మరణములు ఎనిమిదేండ్లలో సుమారు సగము తగ్గినవి. 2009లో ఇది ప్రచురింపబడినది. టీకా వేయించుకొన్నవారికిని 30 దాటిన పిమ్మట పరీక్ష అవసరమే.

నాందేడ్‌లో విష్ణుపురి ప్రభుత్వ మెడికల్ కాలేజీ స్త్రీల విభాగములో విచారింపుడి. మరాఠీలో టీకాను 'లస్' అనియు, క్యాన్సరును 'కర్కరోగ్' అనియు అందురు. ముట్టు నిలిచిన తరువాత గాని, భర్తతో కలిసిన తరువాత గాని రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట అగుచున్నను, సిగ్గుపడి జాగుచేయక ఆ వారములోనే వెళ్లుడి.