కంపనమువలన బుట్టు వేడిమి

చలికాలపు ఉదయమున అరచేతులు రెండును రాపాడించినచో వెచ్చదనము కలుగుట మనమందఱము ఎఱిగినదే. కాళేశ్వర ప్రాంతపు రైతు బండి యిరుసునకు కందెన పెట్టుటయు నిందులకే. కందెన లేనిచో ఇరుసు ఒరసికొని వేడెక్కును. ఈ సామాన్య ధర్మమే నేడు ప్లాస్టిక్కు వస్తువులను నిప్పును జిగురును లేకుండ అతుకుటకు ఉపకరించుచున్నది. ఆ విధమును ఇచ్చట వివరింప బూనితిమి.

ఫిరంగి గొట్టములను తొలుచునపుడు పుట్టు వేడిమిచే నీరు మరుగుటను రంఫర్డు ప్రభువు 1798లో ప్రకటించి, ఉష్ణము ఒక ద్రవ్యము కాదనియు, చలనమువలన గలుగునదనియు వాదించెను. పిమ్మట జౌల్ అను శాస్త్రజ్ఞుడు ఎంత పనికి ఎంత ఉష్ణము పుట్టునో కొలిచి చూపెను.

మన చెవి సెకండునకు సుమారు 20,000 కంపనములవఱకే వినగలదు. అంతకు మించినవి అతిధ్వనులు. కొన్ని స్ఫటికములను నొక్కినపుడు విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. దీనికి విపర్యయముగా, విద్యుత్తు ప్రసరింపజేసినచో అట్టి పదార్థములు సాగుచు ముడుచుకొనుచు నుండును. అతుకు యంత్రములో నిట్టి బిళ్లలు సెకండునకు 20,000 మార్లు, కొన్నింట నింకను ఎక్కువగా, కంపించును. హారన్ అను లోహఖండము ఆ కంపనమును ప్లాస్టిక్కునకు అందించును. హారను మొన నడిమి స్థానమునుండి ఇరువైపుల 0.03 మిల్లీమీటరు కదలెననుకొందము. ఒక కంపనమునకు దాని నడక 0.12 మిల్లీమీటరు, సెకండునకు 2.4 మీటర్లు!

వేడిమి రెండు విధముల బుట్టును. మొదటిది, రెండు ముక్కల తలములు ఒకదానితో నొకటి ఒరసికొనుటవలన. రెండవది పదార్థము లోపలనే. ఇనుపతీగను ఒకే చోట పలుమార్లు అటునిటు వంచి, మెల్లగా తాకి చూడుడు. దేనితోను ఒరయకున్నను వంపు వేడెక్కియుండును. ప్లాస్టిక్కు పొడవైన గొలుసులవంటి అణువుల కూడిక. దానిని నొక్కి విడిచిన ప్రతిసారియు మనము చేసిన పని యంతయు తిరిగి రాదు. కొంత లోపలనే ఉష్ణముగా మాఱును. తలములు మెత్తబడి కరగిన పిదప ఒరపిడి తగ్గి, ఈ లోపలి వేడిమియే ప్రధానమగును.

వస్తువంతయు కంపించుచుండగా అతుకుచోటు మాత్రమే కరగనేల యని విద్యార్థులు అడుగవచ్చును. ఒక ముక్క అంచున సన్నని త్రికోణపు గట్టును ముందే ఏర్పఱతురు. ఒత్తిడి యంతయు దాని మొనపై బడును. అచ్చటి సాగుదల రెండింతలైనచో, పుట్టు వేడిమి నాలుగింతలగును. ప్లాస్టిక్కు ఉష్ణమును చక్కగా ప్రసరింపనీయదు గనుక వేడిమి అచ్చటనే నిలిచి, గట్టు కరగి, సందంతట పరచుకొనును. ఇదంతయు సాధారణముగా ఒక సెకండులోపలనే ముగియును.

పిదప కంపనమును ఆపి, చల్లాఱువఱకు నొక్కియుంచవలయును. ఈ సమయముననే ఇరుప్రక్కల అణువులు పెనవైచుకొనును. కాళేశ్వరమున ప్రాణహిత గోదావరిలో గలసిన పిదప ఏ నీరు ఏ నదిదో వేఱు చేయలేనట్లే, మంచి అతుకునందును రెండు ముక్కల పదార్థము ఏకమగును. కావుననే సజాతీయమైన ప్లాస్టిక్కులే చక్కగా అతుకుకొనును. మరల వేడిచేసినను కరగని బేకలైటువంటివి ఈ విధమున అతుకవు.

2020లో కోవిడు వ్యాధి ప్రబలినపుడు ముక్కునకు నోటికి కట్టుకొను మాస్కుల పొరలను, చెవికి తగిలించు దారములను అతికించుటకు ఈ పద్ధతి విశేషముగా అక్కఱకు వచ్చెను. అంత పలుచని పొరలపై గట్టు నిలువదు. అడుగున నుండు లోహపు దిమ్మెపై బొడిపెలు ఆ పని నెఱవేర్చును. వేడిమి చాలనిచో పొరలు అంటుకొన్నట్లు కనబడినను అణువులు కలియవు, లాగినంతనే విడిపోవును. మితిమీఱినచో పొర పలుచనై చిల్లిపడును. అట్టి సందుగుండ వడకట్టబడని గాలి లోనికి జొచ్చును. రోగుల నడుమ పనిచేయు నర్సునకు ఇది ప్రాణముతోడి మాట. కంటిచూపున మంచి అతుకును చెడు అతుకును గుర్తించుట కష్టము గనుక, కొన్నింటిని తీసి తెగువఱకు లాగి పరీక్షింతురు.

కంపనపు విస్తారము, ఒత్తిడి, కాలము — ఈ మూడును తగుపాళ్ల నున్నపుడే అతుకు నిలుచును. అరచేతుల రాపిడిలో మనము ఎఱిగిన ధర్మమే, కొలత తెలిసినవారి చేతిలో, ఒకరి ఊపిరిని కాపాడు సాధనమగుచున్నది.