మరియ నిత్యకన్యయా? మనము నమ్మునది, నమ్మనిది

వాక్యభాగములు: మత్తయి 1:18-25; లూకా 1:26-38; మార్కు 6:1-6; యోహాను 7:1-5



మన సంఘపు సహోదరి ఒకరు తమ కుమార్తెను ఆర్.సి.ఎం. వారి ఇంటికి కోడలిగా పంపినారు. పండుగనాడు వియ్యాలవారింట భోజనములైన తరువాత మన యువకుడొకడు, "మీరు కన్యమరియ అంటారు గాని అది బైబిల్లో ఎక్కడా లేదు" అని వాదమునకు దిగినాడట. ఆ ఇంటి పెద్దాయన మారు మాటలాడక లూకా సువార్త 1:27 తెరచి అతని ముందు పెట్టినారు. మనవాడు చదువుకొని తల దించుకొన్నాడు. ఆ సహోదరి నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, రేపు నా బిడ్డ ఆ ఇంట్లో బతకాలి. అసలు మనం నమ్మేదేమిటి, నమ్మనిదేమిటి, ఒక్కసారి సరిగ్గా చెప్పండి" అన్నారు. ఆమె కొరకే ఈ పాఠము వ్రాయుచున్నాను. ఏటేటా ఆగస్టు 29 నుండి సెప్టెంబరు 8 వరకు వేళాంగణ్ణి ఉత్సవము జరుగునప్పుడు తమిళనాడులోను కర్ణాటకలోను ఉన్న మనవారికి ఇరుగుపొరుగువారితో ఈ ప్రస్తావన తప్పదు గదా.

మొదట ఒక చిక్కు విప్పవలెను. మనవారు మూడు వేర్వేరు సంగతులను ఒకటే మూటగా కట్టుచున్నారు.

యేసుప్రభువు పురుషుని వలన గాక పరిశుద్ధాత్మ వలన కన్యక గర్భమున పడెననుట మొదటి సంగతి. ఇది కథోలికుల సొత్తు కాదు, సువార్త సొత్తు. మత్తయియు లూకాయు ఒకరిని చూచి ఒకరు వ్రాసినట్లు లేదు. మత్తయి యోసేపు వైపునుండి చెప్పినాడు, లూకా మరియ వైపునుండి చెప్పినాడు. అయినను ఈ విషయములో ఇద్దరి సాక్ష్యము ఒకటే. యెషయా 7:14లోని హెబ్రీ మాటకు యౌవనస్త్రీ అని అర్థము చెప్పవచ్చునని కొందరు పండితులు అందురు. నిజమే. అయితే క్రీస్తుకు పూర్వమే యూదులు దానిని గ్రీకులోనికి త్రిప్పినప్పుడు కన్యక అను మాటనే వాడిరి. అదియు గాక మన నమ్మకము ఆ ఒక్క మాటమీద నిలువలేదు. లూకా 1:34లో మరియ తానే దూతను అడిగిన ప్రశ్న చాలును. కనుక ఈ సంగతిలో మన యువకుడు వాదించినది కథోలికులతో కాదు, బైబిలుతోనే!

రెండవది మరియ నిత్యకన్య అను బోధ. ప్రసవమునకు ముందు, ప్రసవములో, ప్రసవము తరువాత జీవితాంతము ఆమె కన్యగానే ఉండెనని వారు నమ్ముదురు. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆమెకు ఈ బిరుదును వాడినది. 649లో రోములోని లాటరన్ సభ దీనిని నమ్మి తీరవలసిన విషయముగా వ్రాసినది.

మూడవది అమలోద్భవి అను మాట. ఇది యేసు జననమును గూర్చినది కానే కాదు. మరియ తన తల్లి గర్భములో పడినప్పుడే జన్మపాపము అంటకుండ కాపాడబడెనను బోధ ఇది. దీనిని 1854లో తొమ్మిదవ పయస్ పోపు ప్రకటించెను. ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లిన దినములవరకు నేను ఈ మాటకు కన్యాగర్భమనియే అర్థము చెప్పుచుంటిని. తోటి విద్యార్థియైన ఒక కథోలికుడు నవ్వి నన్ను దిద్దినాడు. అప్పటికి సండేస్కూలులో ఎందరు పిల్లలకు తప్పు నేర్పితినో!

మనకును వారికిని భేదమున్న రెండవ సంగతికి వత్తము. మార్కు 6:3లో యాకోబు, యోసే, యూదా, సీమోను అని ప్రభువు సహోదరుల పేర్లున్నవి. సహోదరీలును ఉన్నారు. వీరు యోసేపు మరియల బిడ్డలేనని నాలుగవ శతాబ్దములో హెల్విదియస్ అను నతడు వ్రాయగా, 383 ప్రాంతమున జెరోము ఘాటుగా జవాబు వ్రాసెను. మార్కు 15:40లో యాకోబు, యోసే అనువారి తల్లియైన వేరొక మరియ కనబడుచున్నది. ఆమె ప్రభువు తల్లికి సహోదరి యనియు, కాబట్టి వీరు పినతల్లి బిడ్డలనియు అతని వాదము.

ఈ వాదమును తెలుగువారమైన మనము తేలికగా త్రోసివేయరాదు. పెద్దమ్మ కొడుకును మనము ఏమని పిలుతుము? అన్న అనియే గదా. బాబాయి కూతురు మనకు చెల్లెలే. హెబ్రీయులలోను అట్టి వాడుక ఉన్నది. లోతు అబ్రాహాము సహోదరుని కుమారుడైనను ఆదికాండము 13:8లో వారు సహోదరులే. అయితే క్రొత్త నిబంధన గ్రీకులో వ్రాయబడినది. ఆ భాషలో పినతల్లి, మేనత్త బిడ్డలకు వేరే మాట ఉన్నది. కొలొస్సయులకు 4:10లో మార్కునకు బర్నబాతో ఉన్న బంధుత్వము చెప్పుటకు పౌలు ఆ మాటనే వాడెను. ప్రభువు సహోదరుల విషయములో ఎవరును దానిని వాడలేదు.

ఇంకను బలమైన సంగతి ఒకటి. జెరోము చెప్పిన యాకోబు పండ్రెండుగురిలో ఒకడు. కాని యోహాను 7:5 ప్రకారము ఆయన సహోదరులు అప్పటికి ఆయనయందు విశ్వాసముంచలేదు. అపొస్తలుల కార్యములు 1:13-14లో అపొస్తలుల పేర్లు వేరుగాను, సహోదరులు వేరుగాను ఉన్నారు. ఈ ముడి జెరోము వాదములో విడిపోవుట కష్టము.

తూర్పు సంఘములవారు ఇంకొక దారి పట్టిరి. యోసేపు భార్య చనిపోయిన వృద్ధుడనియు, ఈ పిల్లలు మొదటి భార్యకు పుట్టినవారనియు అందురు. రెండవ శతాబ్దపు యాకోబు ఆదిసువార్త అను గ్రంథములో ఈ కథ ఉన్నది. అది బైబిలులో చేరినది కాదు. యోసేపు వయస్సును గూర్చి బైబిలు ఒక్క మాటయు చెప్పలేదు. అయినను మన క్రిస్మస్ నాటకములలో యోసేపు వేషము వేసిన కుర్రవానికి దూదితో తెల్లగడ్డము అంటించుచునే ఉన్నాము. ఆ గడ్డము ఎక్కడినుండి వచ్చినదో ఎవరును అడుగరు!

మన పక్షమున చెప్పునప్పుడు జాగ్రత్త అవసరము. మత్తయి 1:25లో "వరకు" అను మాట ఉన్నది గనుక తరువాత వారు కాపురము చేసిరని కొందరు అంతటితో వాదము ముగింతురు. కాని 2 సమూయేలు 6:23 చూడుడి. మీకాలు మరణమువరకు పిల్లలను కనలేదనగా, మరణించిన తరువాత కన్నదని కాదు గదా. తొలిచూలు అను మాటయు అట్టిదే. రెండవ బిడ్డ లేకున్నను మొదటివాడు ధర్మశాస్త్రము ప్రకారము తొలిచూలే. లూథరు, జ్వింగ్లీ మరియను నిత్యకన్యగానే ఎంచిరి. 1749లో ఒక కథోలికునికి వ్రాసిన పత్రికలో జాన్ వెస్లీయు అట్లే ఒప్పుకొనెను. కనుక దీనిని నమ్మినవారందరు బైబిలెరుగనివారని పలుకుట మనకు తగదు.

మరి మనమేల ఒప్పుకొనము? ప్రభువు సహోదరులను గూర్చి సువార్తలు పలికిన తీరు సాధారణముగా చదివినవానికి ఒక ఇంటి బిడ్డలనే తోచును. లేఖనము బోధింపని దానిని మనస్సాక్షిమీద భారముగా మోపరాదు. ఇంకొక సంగతియు నాకు ముఖ్యముగా తోచును. జెరోము కాలమున వివాహముకంటె కన్యాత్వమే పరిశుద్ధమను తలంపు బలముగా ఉండెను. హెబ్రీయులకు 13:4 అట్లు చెప్పదు. మరియ యోసేపుతో కాపురముచేసి, పిల్లలను కని, నూరి, వండి, వారిని పెంచినదంటే ఆమె పరిశుద్ధతకు ఏ లోటు? మన తల్లులు చేసినది అదే గదా.

సిలువయొద్ద ప్రభువు తన తల్లిని యోహానునకు అప్పగించుటను కథోలిక సహోదరులు ముందుకు తెత్తురు. వేరే కుమారులుంటే అట్లు చేయునా అని. ఇది మంచి ప్రశ్న. అవిశ్వాసులైన సహోదరులకంటె విశ్వాసియైన శిష్యుని ఇల్లు ఆమెకు తగినదని ప్రభువు ఎంచెనని మన జవాబు. ఆ సహోదరులు తరువాత మారిరి. 1 కొరింథీయులకు 15:7 ప్రకారము లేచిన ప్రభువు యాకోబునకు కనబడెను. మేడగదిలో మరియ తన కుమారుని శిష్యులతోను, ఆ సహోదరులతోను కలిసి ప్రార్థనలో ఉన్నది. ఆమెను గూర్చి లేఖనములో మనకు కనబడు కడపటి దృశ్యము అదే.

ఈ సంగతులన్నియు ఆ సహోదరికి చెప్పితిని. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా వియ్యంకుడు తెరచి చూపించిన వచనం మనదే అన్నమాట" అన్నారు. అవునంటిని. వచ్చే కుటుంబ కూటములో పై వాక్యభాగములు నాలుగింటిని గట్టిగా చదివించుడి. ఆ యువకుని చేతనే చదివించుడని వారి సంఘ పెద్దలకు నా మనవి.