పిల్లల పని పిల్లలకే విడువుము

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుని అమ్మమ్మ మనసార ఆశీర్వదించి వ్రాయునది. నా మోకాళ్ల నొప్పి వానలతో వచ్చినది, వానలతోనే పోవును. దానిని గూర్చి మీ అమ్మ చెప్పు మాటలు విని బెంగపెట్టుకొనకుము.

నీ ఉత్తరము అందినది మొదలు నా మనస్సు నిలుకడగా లేదు. మీ బడిలో ప్రాజెక్టుల ప్రదర్శన జరుగబోవుచున్నదనియు, మండల విద్యాధికారిగారు వచ్చి చూచెదరనియు, నీ రెండవ తరగతి బిడ్డలు మన ఊరి పక్షులను గూర్చి తెలిసికొందుమని తమంత తామే కోరిరనియు చదివి పొంగిపోయితిని. కాని ఆ వెనుక పుటలో, “పిల్లలచేత చేయిస్తే అందంగా రావడం లేదమ్మమ్మా, అందుకని రాత్రిళ్లు నేనే కూర్చుని థర్మాకోలుతో చెట్టూ గూళ్లూ చేస్తున్నాను” అని నీవు వ్రాసిన వాక్యమువద్ద నా చూపు ఆగిపోయినది. బిడ్డలు కాలువగట్టున ఏరి తెచ్చిన గిజిగాని గూడు పొట్టు రాల్చుచున్నదని బీరువామీదికి ఎక్కించితివట. ఈ సంగతి నీవు వ్రాయలేదు, మీ అమ్మ ఫోనులో చెప్పినది.

నిద్ర మానుకొని పని చేయు నీ గుణము నేనెరుగనిది కాదు. అది మన యింట ఎవరి నుండి వచ్చినదో నీకును తెలియును. ఆ శ్రద్ధను చూచి నా కన్నులు చెమర్చినవి. అయినను చెప్పక తప్పదు: నీవు చేసిన చెట్టు ఎంత సొగసైనదైనను అది నీ చెట్టు, పొట్టు రాల్చు ఆ గూడే వారి పాఠము.

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో, కృష్ణా కాలువ ప్రక్కనున్న ఒక పెంకుటింటి బడిలో రెండవ తరగతి చెప్పుచుండగా, సంక్రాంతి సెలవుల అనంతరము గీతపనివాని కొడుకొకడు, గాలికి తాటిచెట్టునుండి రాలిపడిన గిజిగాని గూటిని చంకనపెట్టుకొని వచ్చెను. అంతవరకు వాడు రెండక్షరములు కూడబలుకుటకే చెమటలు పట్టువాడు. గూడు బల్లపై నుంచినంతనే తరగతి అంతయు మూగి, వాకిలి క్రిందికెందుకున్నది, లోపల మట్టిముద్దలెందుకు, దీనిని అల్లినది ఆడపక్షియా మగపక్షియా అని ప్రశ్నలు కురిపింపసాగిరి. నేను ఒక్కదానికిని బదులు చెప్పలేదు. ఎవరి ప్రశ్నను వారి మాటలలోనే నల్లబల్లపై వ్రాసి చివర వారి పేరు చేర్చితిని. తమ ప్రశ్నను, తమ పేరును చదువుకొనవలెనను ఆశతో, అంతవరకు బల్లవంక చూడనివారు కూడ లేచి వచ్చిరి.

మట్టిలో మిణుగురులను అతికించి పక్షి రాత్రి దీపము పెట్టుకొనునని ఒక బాలిక తన తాతగారి మాటగా చెప్పినది. కాదని మరియొకడు వాదించెను. చూతమని మట్టిపెళ్లలను గోటితో విడదీసిరి. పురుగు రెక్కయైనను కానరాలేదు. “పాతగూడు గదా, రాలిపోయి ఉంటాయి” అని ఆ పిల్ల పట్టు విడువలేదు. కాదని నేను ఒక్క మాటతో తేల్చివేసియున్నచో ఆ పట్టు అక్కడనే చచ్చియుండెడిది. ఆ పిల్ల మరుసటి వానకాలము వరకు కాచుకొని, కొత్తగూళ్ల క్రింద తచ్చాడుచు, రాలిన మట్టినెల్ల వెదకినది. శాస్త్రజ్ఞుని ఓరిమి అనగా అది కాక మరేమి?

పిమ్మట గూడు పొడవెంతయను తగవు పుట్టినది. ఒకని జానకు మూడు వచ్చినది, ఒకతె జానకు మూడున్నర వచ్చినది. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు, ఇద్దరి లెక్కయును కలియదు. జానలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొని, అందరికిని ఒక్కటే కొలత ఉండవలెనని వారే తీర్పు చెప్పిన పిదప గాని నేను అలమర తెరచి స్కేలు ఇవ్వలేదు. 1958లో మెట్రిక్ కొలతలు ప్రవేశించినప్పటినుండి పెద్దలే అంగుళములను విడువలేక తికమకపడుచున్న కాలమది. ఆ బిడ్డలకు మాత్రము సెంటీమీటరు తమ తగవు తీర్చ వచ్చిన పెద్దమనిషివలె తోచినది. పాఠ్యపుస్తకములో ఆ పాఠము ఎన్నవ పుటలో ఉన్నదో నేనిప్పుడు చెప్పలేను. ఆ తగవులో ఎవరెవరు ఎచ్చట కూర్చుండిరో చెప్పగలను.

ఒక సాయంకాలము ఆ గీతపనివాడే మోకు భుజమున వేసికొని వచ్చి మా బడి వసారాలో కూర్చుండెను. పక్షి ఆకు అంచున ముక్కుతో గాటుపెట్టి, ఆ కొసను కరచుకొని ఎగురుటతో సన్నని పేలిక చీలివచ్చుననియు, మగపక్షి గూటిని సగము అల్లి ఆడపక్షికై ఎదురుచూచుననియు, ఆమె మెచ్చినదానినే పూర్తిచేయుననియు, తాను చెట్టుమీదినుండి చూచినది చూచినట్లు చెప్పెను. పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ మహాశయుడు 1930 ప్రాంతమున బొంబాయికి దక్షిణముననున్న కిహీం అను సముద్రతీర గ్రామములో ఓపికతో గమనించి లోకమునకు వెల్లడించిన సంగతి ఇదియేనని నేను చాలకాలమునకు చదివినప్పుడు, మా వసారాలోని ఆ మనిషి నాకు మరల కన్నులకు కట్టెను. తన తండ్రి చెప్పుచుండగా బడి అంతయు నిశ్శబ్దముగా వినుట చూచిన ఆ బాలుని ముఖమును నీకెట్లు వర్ణింతును! ఆ మరునాటినుండి వాడు బడి మానలేదు. పిల్లలు తాటాకును చీల్చి గూళ్లు అల్లబోయిరి. అందమైనది ఒక్కటియు కాలేదు, ఊడిపోనిది కూడ అరుదే. ఆ పిదప వారు పక్షి అల్లిన ముడిని చూచిన చూపు వేరు.

అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని గూర్చి వ్రాసినప్పుడు, సంకల్పము, ప్రణాళిక, నిర్వహణము, తీర్పు అను దశలను చెప్పి, సంకల్పము శిష్యునిదే కావలెనని పట్టుబట్టెను. మనము ఆ పేరును మాత్రము తెచ్చుకొని సంకల్పమును అక్కడనే విడిచి వచ్చితిమి. నిర్మాణాత్మక మూల్యాంకనములో ప్రాజెక్టు పనికి మార్కులున్నవని తెలిసినంతనే, నెట్ సెంటరులో అచ్చువేయించిన పుటలును, తండ్రులు కోసిన అట్టలును, తల్లులు అంటించిన బొమ్మలును బడికి నడచి వచ్చుచున్నవి. ఇది క్రొత్త జబ్బు కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారా చదువు నేర్పవలెనని ప్రతిపాదింపగా, జాకీర్ హుస్సేన్‌గారి సంఘము దానికి ప్రణాళిక రచించినది. నేనును ఆ బేసిక్ విద్య ఉపాధ్యాయ శిక్షణలో నూలు వడుకు తకిలి పట్టినదాననే. మహోన్నతమైన ఆ భావము, దారము కొలుచుటయే తనిఖీగా మారిన చోటనెల్ల మొక్కుబడి అయిపోయినది. పిల్లల నూలు ముతకగా నున్నదని, తనిఖీ దినమున పెద్దలు వడికిన చిలపలను చూపిన బడిని నేను కన్నులార చూచితిని. ఆనాడు ఆ బిడ్డలు తమ దారమును వెనుకకు దాచుకొనిన తీరు నాకింకను మరపునకు రాదు. అందుకే, తల్లీ, నీ ఉత్తరము నన్నింతగా కలచినది.

ఇక థర్మాకోలు. నీకిది చిన్న విషయముగా తోచవచ్చును, నాకు కాదు. దానికి ఈనె లేదు, పీచు లేదు, వాసన లేదు. తాటాకు నిలువుగా చీలును, అడ్డముగా చీలదు. బంకమట్టి ఎండిన పగులును, కొంత ఇసుక కలిపిన పగులు తగ్గును. పచ్చి వెదురు వంగును, ఎండినది విరుగును. ఇట్లు ప్రతి వస్తువును బిడ్డ చేతికి ఔననియో కాదనియో బదులు చెప్పును. థర్మాకోలు దేనికిని కాదనదు, ఎట్లు కోసిన అట్లే పడియుండును. కాదనని వస్తువువద్ద చేయి నేర్చునదేమున్నది? దానిని మండల కేంద్రమునకు పోయి కొనవలెను. కూలికి పోవు తల్లి బిడ్డ ఆ కొనుగోలునాడే వెనుకబడును. ప్రదర్శన ముగిసిన మరునాడు దానిని విరిచి పారవేయుదురు. అది కుళ్లదు, పూసలుపూసలుగా రాలి నీటిమీద తేలును. ఏ కాలువగట్టున పక్షులను చూచి ఆ పిల్లలు ముచ్చటపడిరో, ఆ కాలువలోనికే, పక్షుల పేరు చెప్పి, ఆ తెల్లపూసలను మనము పంపవలెనా? చేసినది విప్పివేయుము అమ్మలూ. నీ శ్రమ వృథాయగునని నాకును బాధయే. అయినను విప్పివేయుము.

అన్నము వేళకు తినుచున్నావా? మొన్న ఫోనులో నీ గొంతు నీరసముగా వినిపించినది.

తరగతిలో గోల ఎక్కువైనదని మీ ప్రధానోపాధ్యాయులు విసుగుకొనుచున్నారని మీ అమ్మ చెప్పినది. వారితో వాదమునకు దిగకుము. కార్యకలాపములు, అన్వేషణ, ఆవిష్కరణల ద్వారా శిశుకేంద్రముగా బోధింపవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షను చెప్పుచున్నది, దానిని వినయముగా చూపుము. అంతకంటె పిల్లల ప్రశ్నలను వారి పేర్లతో ఒక పుస్తకములో వ్రాయించి చూపుట మేలు. అక్షరములను మాత్రము అశ్రద్ధ చేయకుము. ప్రతి దినము ప్రతి బిడ్డయు తాను చూచినదానిని ఒక్క వాక్యమైనను వ్రాయవలెను, తప్పులున్నను సరే. విద్యాధికారిగారు వచ్చినప్పుడు నీవు ప్రక్కకు తొలగి, గూడు తెచ్చిన బిడ్డనే మాటాడనిమ్ము. మధ్యలో తడబడినను అందుకొనకుము.

మీ అమ్మ వచ్చునప్పుడు లేత తాటాకులు రెండు కట్టలు పంపుచున్నాను. ఎండలో పెట్టిన పెళుసెక్కును, నీడన తడిగుడ్డ కప్పి యుంచుము. మొన మొద్దుగా నున్న కత్తెరలు కూడ కొని ఉంచితిని. బిడ్డల చేతికి ఇచ్చుటకు భయపడకుము. బీరువామీది గూటిని రేపే దించి, వారి చేతికి అందు ఎత్తున పెట్టి, వారేమనిరో నాకు వ్రాయుము.

ఇట్లు,
నీ శ్రేయస్సును కోరు
అమ్మమ్మ